మాస్టారి యుఫోనియం

మా చర్చి బ్యాండ్ మాస్టారు పగలంతా బట్టలు కుట్టేవారు, సాయంత్రం మాకు కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి పొట్టి బాకా, నేర్పేవారు. రెండు పనులకూ ఒకటే పెన్సిల్. ఎప్పుడు చూసినా కుడి చెవి మీద ఉండేది. చొక్కా కొలతలు రాసిన చేత్తోనే మా నొటేషన్ కాగితాల మీద చిన్న చిన్న కామాలు పెట్టేవారు. "ఇక్కడ ఊపిరి తీసుకో. ఇక్కడ మాత్రం తీసుకోకు, ప్రాణం పోతున్నా సరే" అనేవారు. ఆ కామాలున్న కాగితాలు కొన్ని ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

నేను బ్యాండ్‌లో చేరేనాటికి నాకు పన్నెండేళ్ళు. మొత్తం పద్నాలుగు మందిమి. ట్రాంబోన్ వాయించే అన్నయ్య బస్సు డ్రైవరు. టెనర్ హార్న్ అక్క నర్సు, నైట్ డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా ఆదివారం ఆరాధనకు వచ్చేది. అందరికంటే పెద్ద బాకా, అదే బేస్, ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఒక్కరికీ జీతం లేదు, ఎవరూ అడగనూ లేదు. మేము వాయిద్యం అంటే మాస్టారు దాన్ని పరిచర్య అనేవారు. ఆ మాట ఆయన నోట చాలా మామూలుగా వచ్చేది, మంచినీళ్ళు ఇవ్వమని అడిగినంత మామూలుగా.

ప్రాక్టీసు మధ్యలో కాస్త ఆగినప్పుడు ఆయన ఒక కథ చెప్పేవారు. ఎన్నిసార్లు విన్నా మళ్ళీ అడిగి చెప్పించుకునేవాళ్ళం. 1878, ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ. విలియం బూత్ 1865లో లండన్‌లో మొదలుపెట్టిన క్రైస్తవ మిషన్ సాల్వేషన్ ఆర్మీ అనే పేరు పెట్టుకున్న సంవత్సరమే అది. వీధిలో నిలబడి వాక్యం చెబుతుంటే అల్లరి మూకలు మీద పడేవి. ఆ ఊళ్ళో చార్లెస్ ఫ్రై అని ఇళ్ళు కట్టించే మేస్త్రీ ఉండేవాడు. ఆ వాక్యం చెప్పేవాళ్ళకి అండగా నిలబడదామని ముగ్గురు కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూ వస్తూ వాయిద్యాలు కూడా తెచ్చుకున్నారు. రెండు కార్నెట్లు, ఒక ట్రాంబోన్, ఒక చిన్న ట్యూబా. పాటకి తోడుగా అవి మోగేసరికి జనం నిలబడి వినడం మొదలుపెట్టారు. సాల్వేషన్ ఆర్మీకి మొదటి బ్యాండ్ ఆ నలుగురే. మరుసటి ఏడాదికి కాన్సెట్ అనే ఊళ్ళో స్థానిక సంఘానికే సొంత బ్యాండ్ తయారైంది. 1891లో లండన్ ప్రధాన కార్యాలయంలో పనిచేసే ఉద్యోగులతో ఇంటర్నేషనల్ స్టాఫ్ బ్యాండ్ పెట్టారు. అంత పేరున్న బ్యాండ్‌లో కూడా మనుషులు పగలు ఆఫీసు పని చూసుకుని ఆ తర్వాతే వాయిద్యం పట్టుకునేవారు.

కథ చివర మాస్టారు ఎప్పుడూ ఒకే మాట అనేవారు. "మేస్త్రీ మొదలుపెట్టిన పని దర్జీ చేయకూడదా ఏంటి?"

నాకు ఇచ్చిన కార్నెట్ వయసులో నాకంటే చాలా పెద్దది. బెల్ మీద, అంటే గంటలా విచ్చుకున్న మూతి మీద, సెయింట్ ఆల్బన్స్ అని చెక్కి ఉండేది. సాల్వేషన్ ఆర్మీ ఒకప్పుడు వాయిద్యాలు తనే తయారు చేసుకునేది. ఆ ఫ్యాక్టరీ ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో ఉండేది. 1972లో బూసీ అండ్ హాక్స్ కంపెనీకి అమ్మేశారు. అక్కణ్ణుంచి బయల్దేరిన కార్నెట్ ఎన్ని చేతులు మారి మా చర్చి అలమారాలోకి చేరిందో. వేళ్ళు ఆనే చోట వెండి పూత అరిగిపోయి లోపలి ఇత్తడి కనపడేది. ఎడమ చెయ్యి పెట్టి పట్టుకోగానే నా వేళ్ళు వాటంతట అవే ఆ అరుగుళ్ళలోకి వెళ్ళి కూర్చునేవి. నాకంటే ముందు వాయించినవాళ్ళు ఎవరో, వాళ్ళు పగలు ఏం పని చేసేవారో అని చాలాసార్లు ఆలోచించేవాణ్ణి.

మొదటి నెలంతా కార్నెట్ ముట్టుకోనివ్వలేదు. చేతికి మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చారు. పెదవులు రెండూ దగ్గరికి బిగించి, మధ్యలోంచి గాలి వదులుతూ, తుమ్మెద ఝుమ్మన్నట్టు మోగించాలి. అది వస్తే కార్నెట్ వచ్చినట్టే, మిగతాదంతా ఇత్తడి చూసుకుంటుందని ఆయన నమ్మకం. తర్వాత పొడుగు స్వరాలు. ఒక్కో స్వరం పదహారు లెక్కపెట్టేదాకా, వణుకు లేకుండా, చివర్లో తోక తెగినట్టు ఆగకుండా. ఆ తర్వాత శ్రుతి. కార్నెట్ మీద వేళ్ళతో నొక్కే మీటలు, అవే వాల్వులు, మూడు ఉంటాయి. మొదటి వాల్వూ మూడో వాల్వూ కలిపి నొక్కితే స్వరం కొంచెం పైకి పోతుంది. మూడూ కలిపి నొక్కితే ఇంకా పైకి పోతుంది. అది వాయించేవాడి తప్పు కాదు, గొట్టాల పొడవుల లెక్కే అంత. మూడో వాల్వు గొట్టానికి ఉన్న రింగులో ఎడమ చేతి వేలు దూర్చి, ఆ క్షణానికి కాస్త బయటికి జరిపి సరిచేసుకోవాలి. "కుట్టు వదులైతే రెండు మిల్లీమీటర్లు లోపలికి పడతాం కదా, అంతే" అనేవారు మాస్టారు.

కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య ఇవేవీ కాదు.

పదిహేనేళ్ళు నిండాక నాకు మొదటిసారి సోలో ఇచ్చారు. మూడు చరణాల కీర్తన మీద కట్టిన సోలో. కాగితం చూడగానే నేను నేరుగా చివరి పేజీకి పోయాను. అక్కడ ఒకే స్వరం మీద మూడేసి దెబ్బలు, ట-ట-క, ట-ట-క అని నాలుకతో కొట్టే చోటు ఉంది. ట్రిపుల్ టంగింగ్ అంటారు. అర్బన్ అనే ఫ్రెంచి కార్నెట్ విద్వాంసుడు 1864లో అచ్చువేసిన అభ్యాసాల పుస్తకం మా చర్చిలో ఉండేది. ఇవాళ్టికీ కార్నెట్, ట్రంపెట్ నేర్చుకునేవాళ్ళు దాన్నే ముందు పెట్టుకుంటారు. అందులో ఈ మూడు దెబ్బల పాఠాలు పేజీలకు పేజీలు ఉంటాయి. నేను రెండు నెలలుగా ఇంట్లో అవే సాధన చేస్తున్నాను. మాస్టారికి వినిపించాలని ఒకటే తహతహ. గబగబా వాయించేశాను. ఒక్క తప్పు పోలేదు.

మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రెండో చరణం చెప్పు బాబూ" అన్నారు.

"ఏంటి మాస్టారూ?"

"పాట. రెండో చరణంలో మాటలు. చెప్పు."

నాకు రాలేదు. మొదటి చరణం వచ్చు, పల్లవి వచ్చు. రెండోది మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను.

"మరి ఇందాక ఏం వాయించావు?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు.

ఆ రోజు కార్నెట్ పెట్టెలో పెట్టించేశారు. పాటల పుస్తకం తీసి మూడు చరణాలూ నా చేత పాడించారు. నా గొంతు అప్పుడప్పుడే మారుతోంది, ఎక్కడ ఎలా పలుకుతుందో నాకే తెలియని వయసు. అయినా వదల్లేదు. పాడుతుంటే పక్కన కూర్చుని చెవి మీది పెన్సిల్ తీసి, నేను మాట ఆపిన చోటల్లా సోలో కాగితం మీద కామా పెట్టుకుంటూ పోయారు. అయ్యాక చూపించారు. నేను అంతకుముందు ఊపిరి తీసుకున్న చోట్లలో సగం, మాట మధ్యలో పడ్డాయి. ఒకచోటైతే ప్రభువు పేరునే రెండు ముక్కలు చేశాను. "గుడ్డ ఎక్కడ కత్తిరించినా అతుకు వేయొచ్చు. కానీ పువ్వు మధ్యలోంచి కత్తిరించకూడదు" అన్నారు.

మా బ్యాండ్‌లో దీని మీద రెండు అభిప్రాయాలు ఉండేవి. ట్రాంబోన్ అన్నయ్యకి ఆ చివరి పేజీలే ఇష్టం. "కుర్రాడు వేళ్ళు ఆడించగలడు, ఆడించనివ్వండి మాస్టారూ, వినేవాళ్ళకి హుషారుగా ఉంటుంది" అనేవాడు. ఆయన మాటలో కూడా నిజముంది. ఒక క్రిస్మస్‌కి ఆయనే ఎక్కణ్ణుంచో ఫిలిప్ స్మిత్ వాయించిన క్యాసెట్ తెచ్చాడు. అప్పటికి ఆయన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో ప్రిన్సిపల్ ట్రంపెట్. 1988 నుంచి 2014 దాకా ఆ కుర్చీ ఆయనదే. పెరిగింది మాత్రం సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లలో. తండ్రి డెరెక్ స్మిత్ న్యూయార్క్ స్టాఫ్ బ్యాండ్‌లో కార్నెట్ సోలోయిస్టు. ఆ క్యాసెట్‌లో వేగం ఉంది, మెరుపు ఉంది. కానీ మాస్టారు మమ్మల్ని మళ్ళీ మళ్ళీ వినమన్నది నెమ్మదిగా సాగే ఒక కీర్తనని. టేప్ ఆపి, "ఇప్పుడు ఏ మాట దగ్గర ఉన్నాడు?" అని అడిగేవారు. మాటలు తెలిసిన పాట కాబట్టి మేము చెప్పగలిగేవాళ్ళం. గొంతు లేని గొట్టంలోంచి మాట వినపడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మాస్టారు గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన ఒకప్పుడు మా బ్యాండ్‌కి సోలో కార్నెట్. ఇరవై ఏళ్ళకి పైగా ఆ కుర్చీలో కూర్చున్నారు. నేను పుట్టకముందు ఆయన వాయించిన సోలోల గురించి పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. తర్వాత పై వరసలో ముందు పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. కార్నెట్ మౌత్‌పీస్ చిన్నది, దాని ఒత్తిడంతా సరిగ్గా ముందు పళ్ళ మీదే పడుతుంది. కట్టుడు పళ్ళ మీద అది నిలవదు. పై స్వరాలు పూర్తిగా పోయాయట. ఆరు నెలలు ప్రయత్నించి, ఒక శనివారం ప్రాక్టీసుకి వచ్చి కార్నెట్ అలమారాలో పెట్టేసి, మూలన ఉన్న యుఫోనియం, ఒళ్ళో పెట్టుకుని వాయించే పెద్ద బాకా, తీసుకుని వెనక వరసలో కూర్చున్నారట. దాని మౌత్‌పీస్ వెడల్పుగా ఉంటుంది, ఒత్తిడి పెదవి మీద పరుచుకుంటుంది. బ్రాస్ బ్యాండ్‌లో ఒక సదుపాయం ఉంది. బేస్ ట్రాంబోన్ తప్ప ఇత్తడి వాయిద్యాలన్నిటికీ సంగీతం ట్రెబుల్ క్లెఫ్‌లోనే, అంటే పై స్వరాలకు వాడే గీతల పద్ధతిలోనే, రాస్తారు. కార్నెట్ వచ్చినవాడికి యుఫోనియం మీద కూడా అవే గీతలు, అవే వేళ్ళు. కార్నెట్ గొట్టం సాగదీస్తే దాదాపు నాలుగున్నర అడుగులు, యుఫోనియంది తొమ్మిది. రెట్టింపు పొడవు కాబట్టి అదే పాట ఒక స్థాయి కిందికి వినపడుతుంది.

పళ్ళు పోయిన బాధ గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ నేను కార్నెట్ మీద పై స్వరం పట్టుకున్నప్పుడు ఆయన పెదవులు కూడా బిగుసుకోవడం చాలాసార్లు చూశాను.

సోలో ఈస్టర్ తెల్లవారుజామున. సమాధుల దగ్గర ఆరాధన, ఇంకా చీకటి. మొరావియన్ క్రైస్తవులు 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొదలుపెట్టిన ఆరాధన అది. కొందరు యువకులు ఈస్టర్ రోజు పొద్దు పొడవకముందే సమాధుల తోటకి వెళ్ళి కీర్తనలు పాడారు. తర్వాత్తర్వాత వాళ్ళ సంఘాల్లో ట్రాంబోన్ల బృందాలు ఈ ఆరాధనలో పెద్ద భాగమయ్యాయి. సంఘంలో ఎవరైనా చనిపోతే ఆ కబురు కూడా ట్రాంబోన్లతోనే తెలిపేవారట, పోయినవాళ్ళు పెద్దవాళ్ళా, పిల్లలా, పెళ్ళయినవాళ్ళా అన్నదాన్ని బట్టి వేరే వేరే రాగాలతో. సమాధుల మధ్య బాకా మోగితే ఒళ్ళు ఎందుకు గగుర్పొడుస్తుందో అక్కడ ఒక్కసారి నిలబడినవాళ్ళకి తెలుస్తుంది.

చలిగా ఉంది. ఇత్తడి చల్లబడితే శ్రుతి కిందికి జారుతుంది. మాస్టారు మౌత్‌పీస్ చొక్కా జేబులో గుండెకి ఆనేలా పెట్టుకోమన్నారు. "ఈ రోజు సంఘంతో కలిసి వాయించేటప్పుడు సగమే వాయించు, పెదవి దాచుకో" అని కూడా చెప్పారు. చర్చి బ్యాండ్‌లో సోలో వాయించడంలో ఉన్న కష్టమే ఇది. కచేరీలో సోలోయిస్టు పెదవి తాజాగా పెట్టుకుని వచ్చి నిలబడతాడు. ఇక్కడ అలా కుదరదు. ముందు పాటలన్నిటికీ వాయించాలి, లేచి సోలో వాయించాలి, మళ్ళీ కూర్చుని చివరి పాటకి సంఘాన్ని మోయాలి.

నేను వినలేదు. అంత జనం, చీకట్లో దీపాలు, మొదటి పాట ఎత్తుకోగానే వందల గొంతులు ఒక్కసారిగా. ఆగలేకపోయాను. నాలుగు పాటలూ గుండెల్నిండా వాయించాను.

సోలో మొదటి చరణం బాగా వెళ్ళింది. రెండోది కూడా. కామాలన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. మూడో చరణంలో రాగం పైకి ఎక్కే చోట పెదవి ఒక్కసారిగా మొద్దుబారిపోయింది. స్వరం రాలేదు, గాలి తుస్సుమంది. మళ్ళీ ఊదాను. మళ్ళీ గాలే. వెనక బ్యాండ్ నెమ్మదిగా తోడు స్వరాలు పట్టుకుని ఉంది, పైన పాట లేదు. ఆ చలిలో చెమటలు పట్టాయి. చుట్టూ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో నాకు తెలియదు, బహుశా ఒక గుండె చప్పుడంత.

అప్పుడు కింది నుంచి పాట వచ్చింది. నా వెనకాల, ఒక స్థాయి కింద, మెత్తగా, నేను వదిలేసిన మాట ఏదో సరిగ్గా ఆ మాట నుంచే. మాస్టారి కాగితంలో అక్కడ ఉన్నది ఒకే ఒక్క పొడుగు స్వరం. దాన్ని వదిలేసి ఆయన నా పాట ఎత్తుకున్నారు. నాలుగు బార్లు, అంటే తాళం లెక్కలో నాలుగు గడులు. ఆ నాలుగు బార్లలో ప్రతి మాటా వినపడింది నాకు. కామా దగ్గర ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు విన్నాను. ఆ ఊపిరితోనే నేనూ ఊపిరి తీసుకున్నాను. పెదవికి ప్రాణం వచ్చింది. నేను పాట అందుకున్నాక ఆయన మళ్ళీ తన పొడుగు స్వరంలోకి దిగిపోయారు, అంతవరకు అక్కడే ఉన్నట్టు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు వచ్చి భుజం తట్టారు. "చివర్లో ఆ పెద్ద బాకా అందుకోవడం చాలా బాగుంది, సమాధిలోంచి పాట లేచినట్టు" అన్నారు. అది తప్పు వల్ల జరిగిందని చెబుదామని నోరు తెరిచాను. పక్కనే మాస్టారు యుఫోనియంలోంచి నీళ్ళు వంచుకుంటూ నా వైపు చూశారు. అంతే, ఆగిపోయాను.

ఆ తర్వాతి శనివారం ప్రాక్టీసుకి వెళ్ళేసరికి నా సోలో కాగితం స్టాండు మీద ఉంది. మూడో చరణంలో ఆ నాలుగు బార్ల మీద పెన్సిల్‌తో గీత గీసి, పైన యుఫోనియం అని రాసి ఉంది. యుఫోనియం కాగితం తీసి చూశాను. పొడుగు స్వరం కొట్టేసి, పాట మొత్తం చిన్న చిన్న అక్షరాల్లాంటి స్వరాలతో రాసిపెట్టారు. కామా కూడా పెట్టారు.

"మాస్టారూ, ఇది..." అన్నాను.

"అక్కడ అలాగే బాగుంది బాబూ. ఉండనీ" అన్నారు.

తర్వాత ఎన్నేళ్ళు ఎన్నిసార్లు ఆ సోలో వాయించినా ఆ చోట అలాగే వాయించాం. కొత్తగా చేరినవాళ్ళు అది మొదటి నుంచీ అలాగే రాసి ఉందనుకునేవారు. నాకు పెదవి గట్టిపడింది, ఆ పై స్వరం నిద్రలో లేపినా వాయించగలిగే రోజులు వచ్చాయి. అయినా ఆ నాలుగు బార్ల దగ్గర కార్నెట్ దించి, వెనక నుంచి వచ్చే పాట వినేవాణ్ణి. సంవత్సరమంతా నేను ఎదురుచూసిన చోటు అదే.

మాస్టారు వెళ్ళిపోయి పదకొండేళ్ళు. ఆయన యుఫోనియం ఇప్పుడు నేను వాయిస్తున్నాను. పళ్ళు బాగానే ఉన్నాయి నాకు, వెనక వరసలో ఎవరో ఒకరు ఉండాలి కదా అని మారాను. కార్నెట్ ఒక పాపకి ఇచ్చాం. తనకి పద్నాలుగేళ్ళు. వేళ్ళు చాలా చురుకు, మాటలు అంతకంటే చురుకు. వెండి పూత పోయిన చోట వేళ్ళు పెట్టి, "అంకుల్, ఇక్కడ గుంట ఎందుకుంది?" అని అడిగింది మొదటి రోజే.

ఈ ఏడు ఈస్టర్‌కి తనకి ఆ సోలోనే ఇచ్చాను. ముందు మూడు చరణాలూ పాడించాను. పాడింది. కాగితం చేతికిచ్చాక మూడో చరణం దగ్గర ఆగింది. పెన్సిల్ రాత వెలిసిపోయింది, అయినా కనపడుతుంది.

"అంకుల్, ఇక్కడ నేను వాయించాలా, మీరు వాయిస్తారా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ తెల్లవారుజాము, చలి, నేను మాట వినకపోవడం, వెనక నుంచి వచ్చిన పాట. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, తనకే మొదటిసారి. పాప చాలాసేపు కాగితం వైపు చూసింది. "అయితే నేను వాయిస్తాను" అంది. తర్వాత ఏదో ఆలోచించుకుని, "మీరు మాత్రం రెడీగా ఉండండి" అంది.

ఉన్నాను. ఆ చోటు రాగానే యుఫోనియం పెదవులకి ఆనించుకుని, వేళ్ళు పాట మీద పెట్టుకుని కూర్చున్నాను. స్వరం పైకి ఎక్కింది, నిలిచింది. నేను మాస్టారు కొట్టేసిన పాత పొడుగు స్వరం పట్టుకున్నాను. నాలుగు బార్లూ తనే వాయించింది. కామా దగ్గర ఇద్దరం ఒకేసారి ఊపిరి తీసుకున్నాం.